సువార్త అడిగిన నొప్పి

మా జర్మన్ మాస్టారు ధనుంజయరావుగారిని ప్రశ్న అడిగామంటే చెప్పులేసుకుని సిద్ధంగా ఉండాల్సిందే. జవాబు ఆయన నోట రాదు, మనల్నే ఎక్కడికో తీసుకుపోతారు. ముప్పై ఏళ్లు జర్మన్ ఓడల్లో ఫిట్టరుగా పనిచేసి విశాఖపట్నం తిరిగొచ్చిన మనిషి. జర్మనీ వెళ్లాలనుకునే నర్సులం పదకొండుమందిమి ఆయన దగ్గర చదువుకునేవాళ్లం.

మాలో సువార్తంత మొండిఘటం లేదు. మాట్లాడే పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోది తొమ్మిది రోజుల్లో ఉంది. అదీ తప్పితే అక్కడి ఆసుపత్రి ఆమెకని అట్టేపెట్టిన ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఆరోజు పొద్దున్నే వచ్చి మాస్టారి ముందు నిలబడింది.

“మాస్టారూ, ష్మెర్‌త్సెన్ అంటే నొప్పి. ఆరువందలసార్లు రాశాను. పరీక్షలో తడుముకోకుండా అన్నాను. అయినా తప్పించారు. ఒక మాట నాకు వచ్చిందని నేనెలా తెలుసుకోను?”

“పదమ్మా,” అన్నారాయన. నేనూ వెంటపడ్డాను, ఊరుకుంటానా!

లాసన్స్ బే కాలనీలో హెల్గాగారని ఓ జర్మన్ పెద్దావిడ ఉంది. మన ఇంజనీరుని పెళ్లాడి యాభై ఏళ్లుగా ఇక్కడే కాపురం. తెలుగులో మనకన్నా బాగా తిడుతుంది. ఆరోజు మాత్రం జర్మనే మాట్లాడమని మాస్టారు బతిమాలుకున్నారు.

సువార్త ఆవిడ కుర్చీ దగ్గర నిలబడి, “నొప్పి ఉందా అండీ?” అని జర్మన్‌లో గడగడా అడిగింది. “లేదు,” అందావిడ. “అయ్యో, నడుములోనా? ఎన్నాళ్లనుంచి?” అంది సువార్త. పాఠంలో తర్వాతి వాక్యం అదే మరి! హాస్టల్లో ఒక్కతే కూర్చుని నర్సు మాటలూ రోగి మాటలూ రెండూ తనే వల్లించుకుంది. ఎదుటి మనిషి ఇంకోలా చెప్పొచ్చని ఆమెకు తట్టనేలేదు. నేను పకపకా నవ్వాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గేసింది.

వెళ్లిపోతుందనుకున్నాను. పోలేదు. చేతిలోని పాఠాల పుస్తకం మూసి నా ఒళ్లో పడేసి, ముక్కు తుడుచుకుని, ఆవిడ మోకాళ్ల దగ్గర నేలమీద కూర్చుంది. ఒక్క మాటే అడిగింది. “ష్మెర్‌త్సెన్?”

ఆవిడ మళ్లీ లేదంది. సువార్త కదల్లేదు. తర్వాతి వాక్యం నోటిదాకా వస్తుంటే కింది పెదవిని పళ్లతో నొక్కిపట్టింది, నేను చూశాను. చాలాసేపటికి హెల్గాగారు కోడలున్న వంటింటి వైపు ఓసారి చూసి, ఎడమ భుజంమీద చెయ్యి వేసుకుని ఏదో గొణిగింది. అందులో సగం మాకర్థం కాలేదు. సువార్త ఆవిడ జాకెట్టు చెయ్యి మెల్లగా పైకి జరిపింది. భుజమంతా కమిలి నల్లబడి ఉంది. ఒక్కొక్క చోటే వేలితో తాకుతూ, “ష్మెర్‌త్సెన్?” అని అడిగి, ప్రతిసారీ ఆవిడ చెప్పేదాకా ఆగింది.

వంటింట్లోంచి వచ్చిన కోడలు ఆ భుజం చూసి లబోదిబోమంది. “ఎప్పుడు పడ్డారత్తయ్యా? ఒంట్లో ఎలా ఉందని రోజూ అడుగుతూనే ఉన్నానుగా!” అంటూ డాక్టరుకి ఫోను చేయడానికి పరుగెత్తింది.

బయటికొచ్చాక సువార్త మాస్టారికి అడ్డంగా నిలబడింది. “ఈసారి నేను పాసవ్వాలి మాస్టారూ. ఏం చెయ్యాలో చెప్పండి.”

“కోడలూ రోజూ అడిగిందమ్మా,” అన్నారు మాస్టారు. “నువ్వు అడిగి, ఆగావు.”