పద్నాలుగు నిమిషాలు

ఉదయం తొమ్మిదీ ముప్పావు. వాన సన్నగా, గాలి లేకుండా పడుతోంది.

"మాస్టారండీ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఈ పాత లాప్‌టాప్, ఈ కొత్త కంప్యూటర్, రెండిట్లో ఏది గొప్పదండి?" అన్నాడు లోవరాజు.

ప్రశ్న వినగానే బదులు చెప్పడం పేర్రాజు మాస్టారికి అలవాటు లేదు. గొడుగు తీసుకుని అరుగు దిగుతూ, "ఇవాళ్టి కొలత చీటీ రెండింటికీ ఇవ్వు" అని మాత్రం అని, మా రేవులో నీరు ఎంతవరకు ఎక్కిందో చూడటానికి వెళ్ళారు.

మాస్టారు కాలవల శాఖలో పనిచేసి దిగిపోయిన మనిషి. మా ఊరికీ బంగారమ్మ లంకకీ మధ్య ఒక పాయ ఉంది. దాని మీద కాజ్‌వే ఉంది, నీటికి కాస్త ఎత్తున వేసిన సిమెంటు దారి. వరద వస్తే ముందు మునిగేది అదే. నదికి వరద వస్తోందని రేడియో చెబుతుంది గాని, మా కాజ్‌వే ఏ గంటకు మునుగుతుందో ఎవరూ చెప్పరు. అది మాస్టారే చెప్తారు. ముప్ఫయ్యేళ్ళ వరదలన్నీ ఆయన నోటు పుస్తకాల్లో రాసి ఉన్నాయి. వాటిని లాప్‌టాప్‌లోకి ఎక్కించారు. ఎగువ రేవులో నీరు ఎన్ని అడుగులుందో చెబితే, అది పాత వరదలన్నీ ఒక్కొక్కటే తిరగేసి, మాకు నీళ్ళు వచ్చే గంట చెబుతుంది. అందుకు దానికి పద్నాలుగు నిమిషాలు పడుతుంది.

ఆ లాప్‌టాప్ ఆయన ఉద్యోగం మానిన ఏడు కొన్నది. మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి. మూత నిలబడదు, వెనక ఇటుక ఆనించాలి. వేడెక్కిపోతుందని రెండు చెక్కముక్కల మీద పెడతాం. అయినా వేడెక్కుతుంది, వేడెక్కితే తనంతట తానే ఇంకా నెమ్మదిస్తుంది. మాస్టారు దాన్ని 'పెద్దది' అంటారు. "పెద్దది చెప్పేదాకా లంకకి ఫోన్ చెయ్యకు మాణిక్యం." ఆరేళ్ళుగా ఆయన నాకు పెట్టిన ఆంక్ష అదొక్కటే. ఫోన్ పని నాది. అది లెక్క చేస్తున్నంతసేపూ నేను ఎగువ రేవుకి మళ్ళీ ఫోన్ చేసి చీటీలో రాసుకున్నది చదివి అప్పజెప్తాను. అక్కడ నీటి కొలత చూసే సింహాచలం ఔనంటాడు. ఆరేళ్ళలో ఒక్కసారీ కాదనలేదు.

కొత్త కంప్యూటర్ వచ్చి వారమైంది. లోవరాజే విడి భాగాలు తెచ్చి బిగించాడు. వాడికి ఇరవై ఏడేళ్ళు. కాలేజీలో కంప్యూటర్ల గది చూసే ఉద్యోగం, సెలవు రోజుల్లో మాస్టారి దగ్గర వరద లెక్క నేర్చుకుంటున్నాడు. ఆ పెట్టె మోకాలెత్తు ఉంటుంది. దాని పక్కన లాప్‌టాప్ పలకలా కనిపిస్తుంది. ఏది పెద్దదో మాస్టారు మళ్ళీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ పొద్దున ఎగువ రేవు నుంచి ఫోన్ వస్తే లోవరాజే ఎత్తాడు. నేను టీ పెడుతున్నాను. చీటీ రాసి రెండింటికీ ఇచ్చాడు.

"చూడండత్తా," అన్నాడు లాప్‌టాప్ చూపించి. "దీని ప్రాసెసర్‌కి రెండే కోర్లు. ఇద్దరు కూలీలనుకోండి. ఒళ్ళో పెట్టుకునేది కదా, కాలకూడదని కరెంటు చుక్క చుక్క తాగుతుంది, పనీ అలాగే చేస్తుంది. దీనికి పదహారు కోర్లు. బల్ల మీద కూర్చునేదానికి ఏం భయం? కావలసినంత కరెంటు, వేడెక్కితే విసరడానికి ఇంతేసి ఫ్యాన్లు."

"మరి అదలా రొప్పుతోందేం?"

"అది లాప్‌టాప్ కాదత్తా, ఇస్త్రీపెట్టె. చొక్కా ఉంటే ఇవ్వండి."

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తుంది నాకు.

ఇరవై సెకన్లు కాలేదు, కొత్తది చెప్పేసింది. కాజ్‌వే మీదికి నీరు సాయంత్రం ఐదున్నరకి.

"ఆయ్, పెద్దది చెప్పేసిందత్తా. ఫోన్ చేసెయ్యండి" అన్నాడు లోవరాజు. వాడి చెయ్యి మోకాలెత్తు పెట్టె మీద ఉంది. వాడికి తెలియదు. మాస్టారు ఏ పెద్దరికం గురించి అంటారో వాడికి ఎవరూ చెప్పలేదు.

నాకు తెలుసు.

లంకలో పసుపు చేలో కలుపు తీయడానికి ఆ పొద్దున తొమ్మండుగురు వెళ్ళారు. ముఠాకి మేస్త్రి నా కూతురు సుభాషిణి. వాళ్ళున్న చేను లంక అవతలి కొసన. అక్కడి నుంచి కాజ్‌వే దాటి ఇవతలికి రావడానికి నలభై నిమిషాలు నడవాలి. వాళ్ళు వెళ్ళినప్పటి నుంచీ నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఐదున్నర అనే మాట చెవికి చల్లగా తగిలింది. పక్కన లాప్‌టాప్ ఇంకా రొప్పుతోంది. నేను సింహాచలానికి చెయ్యవలసిన ఫోన్ నా కూతురికి చేశాను.

"ఐదున్నర దాకా భయం లేదమ్మా" అన్నాను.

"అమ్మయ్య. అయితే వానలో ఫోన్ తడిసిపోతోంది, కవర్‌లో కట్టి పాకలో పెడతా" అంది.

మాస్టారు తిరిగొచ్చి గొడుగు మడిచారు. తెర ముందు నిలబడి ఐదున్నర చూశారు. లాప్‌టాప్ వైపు చూశారు. అది ఇంకా సగంలో ఉంది.

"లంకకి చెప్పారా?"

"చెప్పేశామండి" అన్నాడు లోవరాజు. "పెద్దది చెప్పాకే చెప్పామండి."

మాస్టారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నారు.

"మంచిది. చీటీ చదువు నాయనా. మాణిక్యం, సింహాచలానికి కలుపు."

కలిపాను. లోవరాజు గట్టిగా చదివాడు. "ఎగువ రేవు. నీరు తొమ్మిదిన్నర అడుగులు. మళ్ళీ కబురు పదకొండు గంటలకి."

ఫోన్‌లో వాన చప్పుడు వెనక సింహాచలం గొంతు వినిపించింది.

"ఎవరబ్బాయ్ అది? నేనెక్కడ చెప్పాను అలాగ?"

"మీరే చెప్పారు కదండీ. తొమ్మిదిన్నర, పదకొండు అని."

"అవును. తొమ్మిదిన్నర గంటకి. పదకొండు అడుగులు."

రేవు మీద కొలత చూసేవాళ్ళు గంటా అనరు, అడుగులూ అనరు. ముందు చెప్పేది పొద్దు, వెనక చెప్పేది నీరు. వాళ్ళ నాన్నలూ అలాగే చెప్పారు. మా ఊళ్ళో నదితో పని ఉన్నవాళ్ళందరికీ అది తెలుసు. లోవరాజుకి నది కొత్త.

వాడి మొహం తెల్లబోయింది. "అత్తా, ఫోన్ చెయ్యండి, వచ్చెయ్యమనండి" అన్నాడు.

"ఆగు," అన్నారు మాస్టారు. "రమ్మనాలో, ఉండమనాలో తెలియాలి."

లంక అవతలి కొసన ఒక దిబ్బ ఉంది. నడి దారిలో కాజ్‌వే మునిగితే ముందూ వెనకా లేక కొట్టుకుపోతారు. దారి లేదని ముందే తెలిస్తే దిబ్బ ఎక్కి పడవ కోసం చూడాలి. కాని ఎగువన పదకొండు అడుగులంటే, చీకటి పడేలోగా దిబ్బ మీదికీ నీరు ఎక్కుతుంది. ఈ వరదలో పడవ వస్తుందో రాదో. రమ్మన్నా ఉండమన్నా ఆ మాట నేనే చెప్పాలి, అది నా కూతురే వినాలి.

"కొత్తదానికి ఇవ్వు. పదకొండు వెయ్యి" అన్నారు మాస్టారు.

లోవరాజు వేళ్ళు రెండుసార్లు తప్పాయి. మూడోసారి పడింది. ఇరవై సెకన్లు. నా జన్మలో అంత పొడుగు ఇరవై నేను లెక్కపెట్టలేదు.

పది గంటల యాభై నిమిషాలకి కాజ్‌వే మీదికి నీరు.

గోడ గడియారంలో పది కావడానికి ఒక నిమిషం ఉంది. నలభై నిమిషాల నడక. లాప్‌టాప్‌కే ఇచ్చి కూర్చుని ఉంటే, అది నోరు తెరిచేసరికి దారి మూసుకుపోయేది. ఈ మాట అప్పుడు నాకు తోచలేదు. తరవాత చాలా రోజులకు తోచింది.

"రమ్మను" అన్నారు మాస్టారు. "పదీ పది లోపు ఫోన్ అందితేనే రమ్మను. దాటితే రమ్మనొద్దు. దిబ్బ ఎక్కమను."

సుభాషిణికి చేశాను, మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. కవర్‌లో కట్టి పాకలో పెట్టుకుంది కదా. భయం లేదని నేనే చెప్పాను కదా. లోవరాజు తన ఫోన్ నుంచి కూడా చేశాడు. రెండు ఫోన్లు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయని మాస్టారు వాడి చెయ్యి పట్టుకుని ఆపారు. పదీ మూడు. పదీ ఐదు. వాడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. మాస్టారు వాణ్ణి ఓదార్చలేదు. గడియారం కేసే చూస్తున్నారు.

పదీ ఏడుకి ఎత్తింది.

"ఏంటమ్మా, ఇన్నిసార్లా? మంచినీళ్ళకని పాకలోకొచ్చాను కాబట్టి సరిపోయింది. ఐదున్నరన్నావుగా."

"నేను తప్పు చెప్పాను. అందరినీ లేపి వచ్చెయ్. ఇప్పుడే."

"క్యారేజీలు సర్దుకుని..."

"వదిలెయ్. చెప్పులున్నా లేకపోయినా నడవండి. పదీ యాభైకి నీరు."

అది ఇంకేమీ అడగలేదు. "సత్తెమ్మత్తా, లెగండి! కొడవళ్ళు పారెయ్యండి!" అని దాని గొంతు దూరమైంది. ఫోన్ ఆగిపోయింది.

మేము ముగ్గురమూ కాజ్‌వే దగ్గరికి వెళ్ళాం. వాన అలాగే ఉంది. నీరు సిమెంటు అంచుకి జానెడు కింద నడుస్తోంది, అరటి మొదళ్ళు తేలుతున్నాయి. అవతల రెల్లు గడ్డి తప్ప ఏమీ కనపడదు. పదీ నలభై. పదీ నలభై నాలుగు. జానెడు బెత్తెడైంది. ముందు ఒక ఎర్ర చీర కనిపించింది, దాని వెనక ఇంకొకటి. ఒకరి కొంగు ఒకరు పట్టుకుని వస్తున్నారు. నడిమికి వచ్చేసరికి నీరు పైకెక్కి వాళ్ళ పాదాల మీదుగా పారింది. ముసలి వరహాలమ్మ ఆగిపోయింది. కదలనంది. సుభాషిణి వెనక్కి వెళ్ళింది. మా అమ్మాయి వెనక్కి వెళ్ళడం నేను చూశాను. లోవరాజు చెప్పులు విడిచి నీళ్ళలోకి పరుగెత్తాడు.

ఇద్దరూ కలిసి ఆవిణ్ణి చెరో రెక్కా పట్టుకుని ఇవతలికి తెచ్చారు. ఆవిడ గట్టెక్కి, జరిగింది నా నోట విని, వాణ్ణి ఎగాదిగా చూసి, "నువ్వేనట్రా, గంటకీ నీటికీ తేడా తెలియనోడివి?" అంది. వాడు ఏడుస్తూనే తలూపాడు. వెనక కాజ్‌వే తెల్లటి నురుగు గీతలా కనిపించి, కాసేపటికి ఆ గీత కూడా లేదు.

అందరినీ మాస్టారి అరుగు మీదికి తీసుకొచ్చాం. నేను పొయ్యి వెలిగించాను. లోవరాజు తడి బట్టలతోనే లోపలికి వెళ్ళి లాప్‌టాప్ ముందు నిలబడ్డాడు. అది తన పని ముగించి, ఎవరూ చూడకుండానే జవాబు చెప్పి, చల్లబడి ఉంది. వాడు చాలాసేపు ఆ తెరను చూశాడు.

"మాస్టారండీ."

"ఏం నాయనా."

"ఇది కూడా ఐదున్నరే అందండి."

"అనదా మరి? నువ్విచ్చిన చీటీయే కదా దానికీ."

"ఇది సరిగ్గా చెప్పి ఉంటుందనుకున్నానండి. పెద్దదని మీరు అంతగా..." వాడు ఆగాడు. "దీన్ని కనిపెట్టుకునే కదండీ మీరు ఇన్నేళ్ళూ ఎవరినీ తొందరపడనివ్వంది. మరి ఇందులో ఏముందండి?"

మాస్టారు కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడుచుకున్నారు. పెట్టుకోలేదు.

"ఆ పద్నాలుగు నిమిషాలూ దానివనుకున్నావా?"

వాడు బల్ల మీది చీటీ వైపూ, దాని పక్కనున్న ఫోన్ వైపూ చూశాడు. నేను టీ గిన్నె దించి గుమ్మంలోకి వచ్చాను. వాళ్ళు అరుగు మీద చీరలు పిండుకుంటున్నారు. సత్తెమ్మ. ఆవిడ కోడలు దుర్గ. అక్కచెల్లెళ్ళు కొండమ్మ, పోలమ్మ. నూకాలు. చెప్పులు పోయాయని తిట్టుకుంటూ అచ్చియ్యమ్మ. మూలన ముడుచుకుని వరహాలమ్మ. ఆవిడ కాళ్ళు పడుతూ రత్తాలు. ఎనిమిది.

సుభాషిణి మెట్ల మీద కూర్చుని పాదంలో గుచ్చుకున్న ముల్లు తీసుకుంటోంది. తొమ్మిది.