నూరేళ్ళ బొగ్గు, ఇవాళ్టి తలంటు

మసిగిరి రాజు కుందనవర్మకి ఒకనాడు పొద్దున్నే పిచ్చి పట్టింది. "పక్కదేశం పొగనాటి బొగ్గు గొప్పదా, మన బొగ్గు గొప్పదా? ఇది తేలేదాకా నాకు ముద్ద దిగదు" అన్నాడు. అన్నాడే గానీ ఆ పూట మూడు విస్తళ్ళు ఖాళీ చేశాడు, అది వేరే సంగతి.

రెండు దేశాల్లోనూ అడవన్నది లేదు. నేల తవ్వితే బొగ్గు. పొయ్యికైనా, కొలిమికైనా, స్నానానికైనా అదే దిక్కు.

ఆస్థాన గణకుడు అక్కుభట్టు మీసం దువ్వుకుంటూ లేచాడు. "ప్రభూ, చూడాల్సింది ఇవాళ్టి విలువ కాదు, నూరేళ్ళ తర్వాతి విలువ. మన బొగ్గు ధర పదేళ్ళకోసారి రెట్టింపవుతుంది."

సంగతి పొగనాటికి పాకింది. "మాది తొమ్మిదేళ్ళకే" అని అక్కణ్ణుంచి కబురు. అక్కుభట్టు ఊరుకుంటాడా? "మాది ఎనిమిదేళ్ళకే!" ఇలా తగ్గించుకుంటూ పోయి పోయి, చివరికి మసిగిరి బొగ్గు మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం దీపాలకీ మధ్య రెట్టింపు కావడం మొదలెట్టింది. బొగ్గుకి మాత్రం ఈ సంగతి తెలీదు పాపం.

"ఇంత విలువైనదాన్ని కాల్చుకోవడమా! శివశివా!" అన్నాడు అక్కుభట్టు. వెంటనే చాటింపు వేశారు. ఎవరూ బొగ్గు ముట్టించకూడదు. ఇళ్ళలో ఉన్నదంతా కోట ముందు కుప్ప పొయ్యాలి. పుష్యమాసంలో పొగనాటి రాయబారి వాళ్ళ బొగ్గు తీసుకుని వస్తాడు, ఎవరి బొగ్గు విలువ ఎక్కువో అప్పుడు తేలుస్తారు. రాజుగారి స్నానాల గదికి మాత్రం రోజుకో గంప మినహాయింపు.

బొగ్గు బొగ్గూ లెక్కపెట్టి ఇచ్చే ఆ గంపతో నీళ్ళు కాచేది సుంకులమ్మ. రాయబారి రాకకి నాలుగు రోజుల ముందు ఆవిడ కూతురు ఓబులి ప్రసవించింది. బాలింతకి కాగే నీళ్ళు పొయ్యాలా, మంచం కింద కుంపటి పెట్టాలా? ఎక్కడి కుంపటి! తల్లీ బిడ్డా చలికి గజగజలాడుతుంటే సుంకులమ్మ పోయి అక్కుభట్టు కాళ్ళ మీద పడింది.

"అయ్యా, దోసెడు బొగ్గు ఇప్పించండి. పచ్చి బాలింత."

"దోసెడా! నూరేళ్ళ తర్వాత దాంతో కోట కొనొచ్చు తెలుసా? నీ మనవడికి కోట కావాలా, కుంపటి కావాలా?"

"మనవరాలండీ. కుంపటే కావాలండీ."

"బుద్ధిలేనిదానా, అవతలికి పో!"

సుంకులమ్మకి ఒళ్ళు మండిపోయింది. కొంగు నడుముకి బిగించింది.

రాయబారి రంగోజీ వంద బళ్ళ బొగ్గుతో దిగాడు. ప్రతి బండికీ పొగనాటి రాజముద్ర. కుప్పలు పోల్చే రోజున అక్కుభట్టు స్నానాల గది గంపని కూడా లాగేసుకుని కుప్పలో పోయించాడు. "ఒక్క గంప తక్కువై ఓడిపోతే?" అని ఆయన భయం. సుంకులమ్మ కాగు నిండా చన్నీళ్ళు నింపి ఊరుకుంది.

ఆ దేశాల ఆచారం ఏమిటంటే, ఎంత పోటీ అయినా ముందు అతిథితో కలిసి తలంటు పోసుకోవాల్సిందే. రాజు, రాయబారి, గణకుడు ముగ్గురూ గోచీలు బిగించి పీటల మీద కూచున్నారు. మర్దనగాళ్ళు మనిషికి సోలెడు నూనె పట్టించి, సున్నిపిండి నలుగు పెట్టారు. కిటికీలోంచి పుష్యమాసపు గాలి రివ్వుమంటోంది.

రాజు చెంబుతో ముంచి నెత్తిన గుమ్మరించుకుని గావుకేక పెట్టాడు.

"ఏమే సుంకులూ! ఇవేం నీళ్ళే, మంచులా ఉన్నాయి!"

సుంకులమ్మ చేతులు కట్టుకుంది.

"నూరేళ్ళ తర్వాతి విలువ ఇవాళే లెక్కేశారు కదా మహారాజా, అప్పటి వేడి కూడా ఇవాళే లెక్కేసుకోండి!"

"ఒక విధంగా వేడిగానే ఉన్నట్టు భావించవచ్చు ప్రభూ" అని నసిగాడు అక్కుభట్టు. రాజు రెండో చెంబు ఆయన నెత్తిన పోశాడు. "అమ్మ బాబోయ్!" అని గణకుడు పీట మీంచి ఎగిరిపడ్డాడు.

రంగోజీ పళ్ళు టకటకలాడుతున్నాయి. కళ్ళలో సున్నిపిండి. "ఎవరిదో ఒకరి బొగ్గు వెలిగించండయ్యా!"

"తమరి బళ్ళలోది తెమ్మంటారా?" అంది సుంకులమ్మ.

"వద్దు వద్దు! ముద్ర విప్పితే మా రాజు నా తల తీసేస్తాడు!"

"మన కుప్పలోదే తగలెట్టండి!" అని రాజు అరిచాడు.

"ఒక్క క్షణం మహారాజా, బేరం తేలనివ్వండి" అంది సుంకులమ్మ. "రాయబారిగారూ, మా బొగ్గు ఒక్క గంప, ఇప్పుడే వెలిగిస్తాను. ఏమిస్తారు?"

"వంద బళ్ళూ తీసుకో తల్లీ! ముద్రలతో సహా ఇచ్చేస్తా. విప్పితేనే కదా తల పోయేది!"

"విన్నారా మహారాజా? వాళ్ళవి వంద బళ్ళు, మనది ఒక్క గంప. ఎవరి బొగ్గు గొప్పదో వాళ్ళ రాయబారే తేల్చేశాడు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. వణుకుతూ నవ్వాడు, నవ్వుతూ వణికాడు. "నెగ్గాం! ఏం కావాలో అడగవే!"

"ఆ చాటింపు ఎత్తెయ్యండి. వంద బళ్ళూ ఊళ్ళో బాలింతలకి పంచండి. మొదటి గంప మా ఓబులికి."

"ఇచ్చాను! రెండోది ఈ కాగు కిందకి, తొందరగా! అక్కుభట్టూ, ఆ మొదటి గంప నువ్వే మొయ్యి. ఉన్నపళంగా!"

గోచీతో, ఒళ్ళంతా నలుగుతో, నెత్తిన బొగ్గుల గంపతో ఆస్థాన గణకుడు వీధిన పడ్డాడు. ఊరంతా అరుగులెక్కి పగలబడి నవ్వింది. ఓబులి మంచం కింద కుంపటి రాజుకునేదాకా సుంకులమ్మ ఆయన్ని కదలనివ్వలేదు, ఊదుతూనే ఉండమంది.