నక్క స్వామి ఒంటి మీద బూడిద

ఎండల్లో వాగు ఎండిపోతే ఆ అడవికి ఏనుగు తాతే దిక్కు. ఇసుకలో రెండు చెలమలు తవ్వేవాడు. పైది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి, కిందిది గజ్జి పట్టినవాళ్ళకి. గజ్జి వచ్చినవాళ్ళు తామే నోరు విప్పి చెప్పి కిందికి వెళ్ళాలి. అదీ అక్కడి కట్టుబాటు.

ఈ ఏడు నక్క ఒళ్ళంతా బూడిద పూసుకుని దిగింది. "దీక్ష పట్టానర్రా!" అంది. ఇంకేముంది, స్వామీ స్వామీ అంటూ అందరూ దారిచ్చారు. రోజూ పై చెలమలో మొదటి గుక్క ఆయనగారిదే!

ముంగిసకి మాత్రం ఒకటే సందేహం. ఏదీ ఊరికే నమ్మడం దానికి చేతకాదు మరి. దీక్షలో ఉన్నవాడు దారిలో ప్రతి చెట్టుకీ వీపు రుద్దుకుంటాడేం? పైగా దాని పిల్లలు మూడూ ఇంకా కళ్ళు తెరవలేదు. గజ్జి తనకంటితే వాటికీ అంటుతుంది. అంటితే అవి బతకవు. అందుకే స్వామి గుట్టేమిటో తేల్చుకోవాలనుకుంది.

ఒకరోజు పొద్దున్నే అందరిముందూ అడిగేసింది. "స్వామీ, ఈ మనుషులు నూరేళ్ళ తర్వాత ఉంటారంటారా?"

నక్కకి ప్రాణం లేచొచ్చింది. "మంచి ప్రశ్న వేశావమ్మా!"

"అయితే కదలకుండా కూర్చుని సెలవియ్యండి. దీక్షలో ఉన్నవాళ్ళు కదలరట కదా!"

నక్క గొంతు సవరించుకుంది. "ఉండరమ్మా. వాళ్ళకి తెలివి ఉంది, నీతి లేదు. ఒంట్లో బాగాలేకపోయినా... అబ్బ... బాగానే ఉన్నామంటూ... ఇస్స్... పదిమందిలో తిరుగుతారు."

"ఎందుకలా చేస్తారు స్వామీ?"

"ఎందుకేమిటే! చెబితే వెలివేస్తారని భయం... అమ్మో, ఇక నావల్ల కాదు!"

నక్క వెల్లకిలా పడి బరబరా గోక్కుంది. బూడిద రాలిపోయింది. లోపలంతా పచ్చి పుండ్లు!

"మనుషుల సంగతి తర్వాత చూద్దాం. నీ సంగతేమిట్రా?" అన్నాడు ఏనుగు తాత.

నక్క ఏడుపు మొహం పెట్టింది. "కిందికి పొమ్మంటే బురద తాగి చావమనేగా తాతా?"

"ఎప్పుడైనా దిగి చూశావా?"

నక్క దిగి చూసింది. కింది చెలమలో నీళ్ళు తేటగా ఉన్నాయి. ఒడ్డున పుండ్లకి రాసుకోవడానికి వేపాకు ముద్ద కూడా పెట్టి ఉంది.

"రోజూ నేను ముందు తవ్వేది ఇదేరా, వెర్రివాడా! జబ్బుపడ్డవాడికి దాహం ఎక్కువ."

నక్క సిగ్గుతో తలెత్తలేకపోయింది. ముంగిస మాత్రం పిల్లల దగ్గరికి వెళ్ళేముందు తన ఒళ్ళంతా ఒకటికి రెండుసార్లు వెతికి చూసుకుంది.

నీతి: జబ్బు రావడం తప్పు కాదు, దాన్ని దాచి నలుగురికీ అంటించడమే తప్పు.