కొండవాగు కూటమిలో కొత్త కాలేజీ

అనగనగా ఒక అడవిలో జంతువులన్నీ కాలేజీలకు వెళ్లి చదువుకునేవి. నవ్వకండి పిల్లలూ, నిజంగానే వెళ్లేవి. జింకలకో కాలేజీ, కుందేళ్లకో కాలేజీ, కోతులకో కాలేజీ, అడవిపందులకో కాలేజీ. నాలుగూ కొండవాగు పక్కనే ఉండేవి. చదువులు ఎలా సాగేవో నాకు తెలియదు కానీ, ఆటలు మాత్రం బ్రహ్మాండంగా సాగేవి.

ఈ నాలుగు కాలేజీలూ కలిసి ఒక కూటమి పెట్టుకున్నాయి. దాని పేరు కొండవాగు క్రీడా కూటమి. వానలు వెనకబడగానే ఆటలు మొదలు. పొద్దున్నే సద్ది మూట కట్టుకుని పక్క కాలేజీకి నడిచి వెళ్లడం, కబడ్డీ ఆడటం, గెలిస్తే పాడుకుంటూ, ఓడితే గొణుక్కుంటూ పొద్దుగూకేలోపు ఇంటికి రావడం. జింకలకీ పందులకీ ఆట ఉన్న రోజయితే అడవంతా అక్కడే. సగం అడవి ఇటు, సగం అడవి అటు. మర్నాడు ఎవరికీ గొంతు ఉండేది కాదు.

ఆ కూటమికి పెద్ద, జింకల కాలేజీ ప్రిన్సిపాల్ చుక్కమ్మ. మంచిదే. కాకపోతే నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ కొంచెం ఎక్కువ.

ఒకరోజు కొండల కింది మైదాన ప్రాంతం నుంచి ఒక నక్క వచ్చింది. ఆటలు చూసింది. పళ్లు కుట్టుకుంటూ అడిగింది.

"మీ కూటమిలో నాలుగే కాలేజీలా?"

"నాలుగే" అంది చుక్కమ్మ.

"మా మైదానంలో ఎనిమిది ఉన్నాయి. పాపం, మీకు ఇంకెవరూ దొరకలేదా?" అని, తోక ఊపుకుంటూ వెళ్లిపోయింది.

ఆ మాట చుక్కమ్మకు గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. జింకలు చేపలు తినవు కదా అంటారా? అందుకే ఇంకా ఎక్కువ బాధ.

వెంటనే సమావేశం పెట్టింది. కోతుల ప్రిన్సిపాల్ దుముకయ్య వచ్చాడు. పందుల ప్రిన్సిపాల్ భద్రం వచ్చాడు. కుందేళ్ల ప్రిన్సిపాల్ మెత్తమ్మ వచ్చింది.

"మన కూటమిని పెంచాలి" అంది చుక్కమ్మ.

"పెంచుదాం!" అని దుముకయ్య కూర్చున్న చోటే గెంతాడు. "పెద్ద పేరున్న కాలేజీలనే తెద్దాం!"

"ఎందుకండీ పెంచడం?" అని అడిగింది మెత్తమ్మ. ఆమె గొంతు చిన్నది. ఎవరికీ వినిపించలేదు.

మళ్లీ వానాకాలం వచ్చేసరికి, కూటమిలో చేరతామని మూడు కాలేజీలు కబురు పెట్టాయి. నలుగురూ కలిసి చూడ్డానికి బయలుదేరారు.

మొదట నెమళ్ల కాలేజీ. అది మూడు కొండల అవతల ఉంది. వానాకాలం నడిమధ్య కదా, నెమళ్లన్నీ నిండుగా పురి విప్పి వరసగా నిలబడి స్వాగతం చెప్పాయి. చుక్కమ్మ నోరు తెరిచింది, మళ్లీ మూయడం మర్చిపోయింది.

నెమళ్ల ప్రిన్సిపాల్ పింఛారావు మెడ సాచి అన్నాడు. "మేం బరిలో దిగితే చాలండి. జనం విరగబడి చూస్తారు."

"మీకు కబడ్డీ వచ్చా?" అని అడిగింది మెత్తమ్మ.

"జనం చూస్తుంటే అదే వస్తుంది" అన్నాడు పింఛారావు.

రెండోది మొసళ్ల కాలేజీ. అది పెద్ద నది మడుగులో ఉంది. అక్కడి ప్రిన్సిపాల్ దవడప్ప ఇసుకలో బోర్లా పడుకునే మాట్లాడాడు.

"మా జట్టు ఇంతవరకు ఓడిపోలేదు."

భద్రానికి ముచ్చటేసింది. "అబ్బో! ఎవరెవరి మీద ఆడారండీ?"

"వాళ్లు ఇప్పుడు లేరు" అన్నాడు దవడప్ప.

భద్రం మెల్లగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మాది ఒకటే షరతు. ఆట మా మడుగులోనే, నీళ్లలోనే జరగాలి. ఆట జరుగుతున్నంతసేపూ ఎవరినీ తినం. మాట ఇస్తున్నాం."

"మరి ఆట అయిపోయాక?" అంది మెత్తమ్మ.

దవడప్ప కళ్లు మూసుకుని నిద్ర నటించాడు.

మూడో రోజు చూసింది ముళ్లపందుల కాలేజీ. అది ఎక్కడో కాదు, వాగు పక్కనున్న మట్టిదిబ్బ వెనకాలే. చిన్నది. ముందు రోజు పిల్లలంతా కలిసి మైదానం ఊడ్చి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీశారు. ప్రిన్సిపాల్ సూదయ్య ఎదురొచ్చి, ఉడకబెట్టిన దుంపలు ఆకుల్లో పెట్టి ఇచ్చాడు.

"తినేసి మా పిల్లల ఆట చూడండి. పొద్దున్నుంచి మీకోసమే కాచుకుని ఉన్నారు" అన్నాడు.

దుముకయ్య దుంప నములుతూ సూదయ్య వీపు వైపు చూశాడు. "మీవాళ్లను పట్టుకుంటే మా చేతులు జల్లెడలైపోవూ?"

"దానికి ఒక ఏర్పాటు చేసుకున్నామండీ. ఆటలో చూపిస్తాం."

"చీకటి పడేలా ఉంది. వెళ్లాలి" అంది చుక్కమ్మ. అప్పటికి పొద్దు నడినెత్తి కూడా దిగలేదు. ఆమె కళ్లలో ఇంకా నెమలి పురులే తిరుగుతున్నాయి. పిల్లలు గీతల దగ్గర నిలబడి చూస్తుండగానే నలుగురూ వెళ్లిపోయారు.

దారిలోనే సమావేశం జరిగింది.

"నెమళ్లు ఉండాల్సిందే. ఆ రంగులు చూశారా!" అన్నాడు దుముకయ్య.

"మొసళ్లు ఉండాల్సిందే. ఇక మనల్ని చిన్న కూటమి అనడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది?" అన్నాడు భద్రం.

మెత్తమ్మ ఈసారి ఒక రాయి ఎక్కి గట్టిగా మాట్లాడింది. "మా పిల్లలు చిన్నవాళ్లు. మూడు కొండలు ఎలా నడుస్తారు? మడుగులో ఎలా దిగుతారు? వాళ్లు మా కాలేజీకి వచ్చేదే ఆటల కోసం. నాకు సూదయ్యగారి కాలేజీ చాలు."

అందరూ చుక్కమ్మ వైపు చూశారు. చుక్కమ్మకు మెత్తమ్మ మాట సబబుగానే తోచింది. కానీ అంతలోనే నక్క తోక గుర్తొచ్చింది.

"నెమళ్లనీ మొసళ్లనీ చేర్చుకుందాం. ముళ్లపందులు ఎక్కడికి పోతాయి, పక్కనే కదా ఉంటాయి" అంది.

కాకితో కబురు పంపింది: 'ఈసారికి కుదరదు.' ఆ కబురు విని సూదయ్య పిల్లల దగ్గరికి వెళ్లి, "గీతలు చెరపకండి, మనం ఆడుకుందాం" అన్నాడు.

వానలు వెనకబడ్డాయి. ఆటలు మొదలయ్యాయి.

మొదట కుందేళ్లు నెమళ్ల మీద ఆడటానికి బయలుదేరాయి. ఒక కొండ ఎక్కి దిగాయి. రెండో కొండ ఎక్కి దిగాయి. మూడో కొండ దగ్గరకు వచ్చేసరికి సద్ది అయిపోయింది. కాళ్లు బొబ్బలెక్కాయి. కుంటుకుంటూ అక్కడికి చేరితే మైదానంలో ఒక్క నెమలి లేదు. పొదల్లోంచి పింఛారావు గొంతు మాత్రం వినిపించింది.

"ఇవాళ ఆట లేదండీ."

"ఎందుకని?" అంది మెత్తమ్మ.

"మా ఈకలు రాలిపోయాయి. ఈ కాలంలో రాలతాయి. ఇలా బోసిగా జనంలోకి ఎలా వస్తాం?"

"కబడ్డీ కాళ్లతో కదండీ ఆడేది!"

"కాళ్లా!" అని పింఛారావు పొదల్లో ఇంకా లోపలికి జరిగాడు. "మా కాళ్ల గురించి మాత్రం మాట్లాడకండి."

తర్వాత కోతులు మొసళ్ల మడుగుకు వెళ్లాయి. మొట్టమొదట దుముకయ్య మేనల్లుడు కూతకు దిగాడు. "కబడ్డీ కబడ్డీ" అంటూ నీళ్లలోకి వెళ్లాడు. మెడలోతు వచ్చేసరికి అది "కబ్‌బ్‌డీ" అయింది. ఇంకో అడుగు వేస్తే "బుడబుడబుడ" అయింది. ఎదురుగా మొసళ్లన్నీ ఒకేసారి ఆవలించాయి. అన్ని పళ్లు ఒకేచోట చూడటం కోతులకు అదే మొదటిసారి. మరుక్షణంలో జట్టు మొత్తం మద్దిచెట్టు చిటారుకొమ్మన ఉంది.

"దిగండర్రా, ఆట ఉంది!" అని అరిచాడు దుముకయ్య. ఆయన కూడా చిటారుకొమ్మనుంచే అరిచాడు.

దవడప్ప చెట్టు కింద పడుకుని, "మేం గెలిచాం" అన్నాడు. "భోజనానికి ఆగుతారా?" అని కూడా అడిగాడు. ఎవరూ ఆగలేదు. కొమ్మల మీదుగానే ఇల్లు చేరారు.

మూడో ముచ్చట అన్నిటికంటే పెద్దది. జింకలకీ పందులకీ ఆట జరిగే రోజు వచ్చింది. ఎప్పటిలాగే అడవంతా వచ్చింది. సగం అడవి ఇటు కూర్చుంది, సగం అడవి అటు కూర్చుంది. ఎంతసేపు చూసినా మైదానంలోకి ఎవరూ రాలేదు. ఎలా వస్తారు? కొత్త కాలేజీలతో ఆటలూ అదే రోజుకు పడ్డాయి. జింకలు నెమళ్ల కోసం మూడో కొండ మీద ఉన్నాయి. పందులు మొసళ్ల మడుగు ఒడ్డున నిలబడి, ముందు నువ్వు దిగు అంటే నువ్వు దిగు అని తోసుకుంటున్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు సాయంత్రం దాకా ఖాళీ మైదానాన్ని చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని ఇళ్లకు పోయారు.

చుక్కమ్మ కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చేసరికి ఒక ముసలి కుందేలు ఎదురైంది.

"అమ్మా, మా మనవరాలిని కాలేజీ మాన్పించాం" అంది. "ఆడేదానికి పంపితే పాదాలు వాచి వచ్చింది. ఇంకోచోటికి పంపితే అసలు వస్తుందో రాదో! చాలామంది మాన్పించేస్తున్నారు. కాలేజీ మూసేస్తారేమోనని మెత్తమ్మ అన్నం కూడా తినడం లేదట."

చుక్కమ్మ తిన్నగా కుందేళ్ల కాలేజీకి వెళ్లింది. అక్కడ ఎవరూ లేరు. ఇంతలో మట్టిదిబ్బ వెనకనుంచి కేకలు వినిపించాయి.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ!"

దిబ్బ ఎక్కి చూసింది. ముళ్లపందుల మైదానంలో కుందేళ్లు ఆడుతున్నాయి. ఒక్కో ముళ్లపంది వీపు మీద తడిపిన గడ్డిచాప, దాని మీద అడ్డంగా తీగల కట్టు. ఒక్క ముల్లు బయటికి లేదు. కుందేలు కూతకు వస్తోంది, ముళ్లపంది పట్టుకుంటోంది, రెండూ కలిసి దుమ్ములో దొర్లుతున్నాయి, లేచి నవ్వుకుంటున్నాయి. గట్టున కూర్చుని మెత్తమ్మ దుంప తింటోంది.

"ఎవరు పెట్టారు ఈ ఆట?" అంది చుక్కమ్మ.

"సూదయ్యగారే. మా పిల్లలు ఖాళీగా తిరుగుతున్నారని తెలిసి పిలిపించారు" అంది మెత్తమ్మ. "ఆ చాపలు మీరు చూడాల్సింది. ఆ రోజు చూపిస్తామన్నది ఇదే."

చుక్కమ్మకు తల ఎత్తాలనిపించలేదు. అయినా దిబ్బ దిగి సూదయ్య దగ్గరికి వెళ్లింది.

"సూదయ్యగారూ, మీ కాలేజీ మా కూటమిలోకి రావాలి."

సూదయ్య వెంటనే సంబరపడలేదు. "నన్ను అడగడం కాదండీ. ఆ రోజు గీతల దగ్గర నిలబడి ఎదురుచూసింది మా పిల్లలు. వాళ్లను అడగండి."

ముళ్లపంది పిల్లలు చుట్టూ చేరారు. చుక్కమ్మకు ఇంతకంటే మొసళ్ల మడుగే నయమనిపించింది. గొంతు సవరించుకుంది.

"మీ దుంపలు తిన్నాను. మీ ఆట మాత్రం చూడలేదు. పొద్దు ఉండగానే చీకటి పడిందని అబద్ధం చెప్పాను. తప్పు చేశాను. మీకు ఇష్టమైతేనే రండి."

పిల్లలు గుసగుసలాడుకున్నారు. చివరికి జట్టు నాయకురాలు ముందుకొచ్చింది. "వస్తాం. కానీ ఇవాళ ఆట అయిపోయేదాకా మీరు కూర్చుని చూడాలి."

చుక్కమ్మ కూర్చుంది. నిజంగానే చీకటి పడేదాకా కూర్చుంది.

మర్నాడు నలుగురు ప్రిన్సిపాళ్లూ మాట్లాడుకుని నెమళ్లకూ మొసళ్లకూ ఇక ఆటలు వద్దని కబురు పంపారు. పింఛారావు హమ్మయ్య అనుకున్నాడు. పురి వచ్చే కాలంలో ఒకసారి వచ్చి నాట్యం చేసి వెళతామన్నాడు, సరేనన్నారు. దవడప్ప మాత్రం ఓడని పేరుతోనే నీళ్లలోకి దిగిపోయాడు.

ఆ పై వారమే ముళ్లపందులు కూటమిలో తొలి ఆట ఆడాయి. ఎదురు జట్టు అడవిపందులది. అడవంతా వచ్చింది. భద్రం ఆగలేక, ప్రిన్సిపాలై ఉండి కూడా, తానే బరిలోకి దిగాడు. ముళ్లపందుల నాయకురాలు కూతకు వచ్చింది. భద్రం ఎగిరి నడుము పట్టుకున్నాడు. ఆ పెనుగులాటలో తీగ తెగింది. చాప జారింది.

"అమ్మోయ్!"

ఆ కేకకు కొమ్మల మీది పక్షులన్నీ లేచిపోయాయి. నాయకురాలు కూత ఆపి, కంగారుగా వెనక్కి తిరిగింది. "అయ్యో సార్, గుచ్చుకుందా? వదిలేయండి సార్!"

భద్రం కళ్లనిండా నీళ్లు. ముట్టెనిండా ముళ్లు. చేతులు మాత్రం పట్టు సడలలేదు.

"వదలను! ముందు పాయింటు మాదని చెప్పు!"

అడవంతా విరగబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది చుక్కమ్మ. మర్నాడు ఆమెకు గొంతు లేదు.

నీతి: మన జట్టులోకి ఎవరిని పిలవాలో వాళ్ల హంగు, పేరు చూసి తేల్చకూడదు, మనతో కలిసి ఆడగలరా, ఆడే మనసుందా అన్నది చూసి తేల్చాలి.