సుంకమ్మ పిట్టల తాడు

దిగువ బీడు పోయింది. అక్కడ పిట్టలెన్ని ఉన్నాయో ఎవరూ చెప్పలేకపోయారు గనక పోయింది.

ఎప్పుడని అడగకండి. మన అవ్వల అవ్వలకు పాలపళ్ళు కూడా రాని కాలం. ఎర్రనేలల మధ్య ఒక ఊరు. ఊరికి అటు దిగువ బీడు, ఇటు ఎగువ బీడు. రెండింటా నడుమెత్తు గడ్డి. ఆ గడ్డిలో బట్టమేక పిట్టలు. గొర్రెపిల్లంత పిట్ట, పొడుగాటి తెల్లమెడ, నెత్తిన నల్లటోపీ. చెట్టెక్కదు, గూడు కట్టదు. ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ వట్టి నేల మీద.

సుంకమ్మ ఆ బీళ్ళలో గడ్డి కోసి చీపుళ్ళు కట్టి బతికే మనిషి. మొగుడు పోయాడు, పొలం ఎప్పుడూ లేదు. ఊరిపెద్ద నరసింగప్ప దిగువ బీడు దున్నిస్తానన్న రోజున ఆమె ఒక్కతే అడ్డం మాట్లాడింది.

"ఆడ పిట్టలుండాయి పెద్దయ్యా."

"ఎన్నుండాయి?"

"చానా."

"చానా అంటే ఎన్నమ్మే? పదా? నూరా?"

సుంకమ్మ ఎప్పుడూ లెక్కపెట్టి చూడలేదు. రచ్చకట్ట మీద అందరూ నవ్వారు. బీడు దున్నారు. పిట్టలు లేచి పోయాయి. మళ్ళీ దిగలేదు.

మరుసటేడు నరసింగప్ప, "ఏరువాక పున్నమికి ఎగువ బీడూ దున్నేదానికి మడకలు కడతా" అన్నాడు.

ఈసారి సుంకమ్మ చీపుళ్ళు కట్టే నారతాడు పట్టుకుని ముందే బయల్దేరింది. ఇంకా తెల్లారీ తెల్లారని వెలుగు. రాత్రిళ్ళు పడుతున్న తొలకరి జల్లులకు గడ్డి మీద పలచని మంచు. గడ్డి ఊగింది, గాలి లేదు. తెల్లమెడ లేచింది, మునిగింది. ఒక ముడి వేసింది. మళ్ళీ గడ్డి ఊగింది, గాలి లేదు. ఇంకో ముడి. గడ్డి కోసేటప్పుడు నడిచినట్టే సాలు వెంట సాలు నడిచింది. బీడు దాటేసరికి తాడుకు నలభై ముళ్ళు.

నరసింగప్ప నమ్మలేదు. మేకలు కాసే కాటమయ్యను పంపాడు. కాటమయ్య బండ మీద కూర్చుని పొద్దెక్కేదాకా చూసి వచ్చాడు.

"తొమ్మిది" అన్నాడు. "మిగిలినవి కలలో చూసినావా అక్కా?"

ఆ రోజు నుంచి ఆమె పేరు నలభై సుంకమ్మ.

సుంకమ్మ ఏడవలేదు. బీటికి వెళ్ళి, తాను నడిచిన దారినే మళ్ళీ నడిచింది. అప్పుడు తెలిసింది. తాను ఈ సాలులోకి వస్తే పిట్ట పక్క సాలులోకి జరుగుతోంది. గడ్డి ఉన్నచోటే ఉంటుంది, పిట్ట ఉండదు. చీపుళ్ళ మనిషి చేసే తప్పే చేసింది.

తిన్నగా రచ్చకట్టకు వచ్చింది.

"తప్పు నాదే. ఒక్కో పిట్టకు నాలుగేసి ముళ్ళేసినా. కానీ కాటమయ్యదీ ఒక్క మనిషి మాటే. ఏరువాకకు మూడు రోజులుంది. మూడు పొద్దులూ ఊరంతా తలా ఒక తాడు పట్టుకుని రాండి. బీడు చుట్టూ ఎవరి చోట వాళ్ళు కూర్చోండి. ఇద్దరి మధ్యా ఒక పుల్ల హద్దు. కదలొద్దు. కాటమయ్య బండ మీద నుంచి గొంగడి ఊపిన చణాన మీ హద్దులో మెడ కనబడితే ముడి. లేకుంటే లేదు."

"తక్కువ వస్తే?" అన్నాడు నరసింగప్ప.

"తక్కువే చెప్తా. దున్నుకో."

మొదటి పొద్దున ముగ్గురు వచ్చారు. రెండో పొద్దున ఏడుగురు. మూడో పొద్దున ఊరంతా వచ్చింది. నరసింగప్ప గూడా వచ్చి, పంచె తడుస్తోందని గొణుక్కుంటూ కూర్చున్నాడు.

మంచులో ఊరు ఊరంతా నిద్రలో ఉన్నట్టుంది. ఎవరూ దగ్గలేదు. గడ్డి ఊగింది, గాలి లేదు. ఒక పోతుపిట్ట బయటికొచ్చి, మెడ సంచిలా ఉబ్బించి "ఊమ్" అంది. ఆ మోత చెవుల్లో కాదు, గుండెల్లో వినబడింది. మంచులో అది నడుస్తోందో తేలుతోందో తెలియలేదు. గొంగడి ఊగింది.

అందరి తాళ్ళూ కలిపితే పదకొండు ముళ్ళు.

"పదకొండే గదా పెద్దయ్యా" అన్నాడు కాటమయ్య. "మడకలు కట్టమంటావా?"

నరసింగప్ప తన తాడు విప్పి చూపించాడు. దానికొక ముడి.

"ఇది నాదిరా. నా కళ్ళెదుట నిలబడింది. దీని మీద మడక యాడ తోలేది?"

ఎగువ బీడు నిలిచింది. ఏటా లెక్క సాగింది.

ఆ తర్వాత కరువొచ్చింది. నాలుగు పిట్టలే కనబడ్డాయి. కాటమయ్య గొంతు తగ్గించాడు.

"ఇంకో ఏడు ముళ్ళెయ్ అక్కా. ఎవరు సూడొచ్చినారు? తక్కువుంటే దున్నమంటారు."

"నలభై ఏసినప్పుడు నువ్వే గదా నవ్వినావు" అంది సుంకమ్మ. చూడని పిట్టకు ముడి వేయకూడదని అక్కడే అనుకుంది. నాలుగు ముళ్ళ తాడే రచ్చకట్టకు వేలాడదీసింది. మరుసటేడు ఒక్కటీ రాలేదు. అందరూ చూస్తుండగా వట్టి తాడు వేలాడదీసింది.

దున్నుదామని ఎవరో అన్నారు. నరసింగప్ప అడ్డం వచ్చాడు.

"ఆమె లేవంటే లేవు. మళ్ళీ వస్తే వచ్చినాయనే చెప్తాది. అందాకా గడ్డి ఉండనీండి."

ఆ వైపు ఇప్పటికీ ఏరువాకకు ముందు మూడు పొద్దులు ఎవరూ బీట్లో నడవరు. చుట్టూ కూర్చుంటారు. మాట్లాడే పిల్లలతో "ఉష్, సుంకమ్మ చూస్తోంది" అంటారు. తాళ్ళన్నీ కలిపి రచ్చకట్టకు కడతారు, దాన్ని సుంకమ్మ తాడంటారు.

సుంకమ్మ ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికింది. చూడని పిట్టకు ఒక్క ముడీ వేయలేదు.