కట్టినవాడే ముందు నడవాలి

ఎర్రవాగు మీద తీగల వంతెన ఒకటుంది. అది ఎవరి సొత్తూ కాదు, ఎవరూ కూలికి కట్టిందీ కాదు. తీరిక దొరికిన జంతువల్లా వచ్చి నాలుగు ముడులు వేసి పోయేది. ఏ ముడి ఎలా వేయాలో అడిగినవాళ్లందరికీ చెప్పేవాళ్లు, దాపరికం లేదు. దాని బాగోగులు చూసేది మాత్రం ఒక ముసలి ఉడుము. పట్టు పడితే వదలదు, మాట వస్తే మింగదు. నాకైతే అలాంటివాళ్లంటేనే ఇష్టం.

ఉడుమత్త దగ్గర రెండు కట్టుబాట్లు ఉండేవి. కొత్త ముడి ఏదైనా ముందు పక్కనున్న పిల్లవాగు మీది బుల్లి వంతెనకు వేయాలి. అక్కడ ఒక వానాకాలం నిలిస్తేనే పెద్ద వంతెనకు ఎక్కుతుంది. ఇక రెండోది, కట్టినవాడే ముందు నడవాలి.

ఈ కట్టుబాట్లతో అందరికన్నా ఎక్కువ వేగిపోయినవాడు గిజిగాడు. గూళ్లు అల్లే పిట్ట కదా, వాడి బుర్రలో ఎప్పుడూ ఏదో కొత్త ముడి తిరుగుతూనే ఉండేది.

"అత్తా, నిరుడు ఎనిమిది ముడులు వేశాను. ఇంకెన్నాళ్లు?"

ఉడుమత్త పిల్లవాగు దగ్గరికి పోయింది. ముడులన్నీ కొరికింది, లాగింది, వాటి మీద పడుకుని ఊగింది.

"ఈ జంటముడి గట్టిదిరా. పెద్ద వంతెన నడిమికి వెయ్యి. మిగతా ఏడూ ఇంకో ఏడాది ఇక్కడే."

"ఎనిమిదింట్లో ఒకటా!"

"ఒకటి దొరికిందని సంతోషించు."

గిజిగాడు ముఖం మాడ్చుకుని ముడి వేశాడు. పొదలో ఉన్న నక్క చెవులకు ఇదంతా పండగే అయింది. దానికి ముడి వేయడం రాదు. వంతెనకు తన పేరు పెట్టించుకోవాలని మాత్రం ఎన్నాళ్ల నుంచో ఆశ.

అది కుందేళ్ల దగ్గరికీ కోతుల దగ్గరికీ తిరిగింది. "అవతలి అడవిలో పక్షానికో కొత్త వంతెనట! మనకేమో ఈ పాత చింతకాయ పచ్చడి" అని నూరిపోసింది. పొరుగింటి పుల్లకూర ఎవరికి రుచించదు? మర్నాటికి అడవంతా ఉడుమత్త ముందు నిలబడింది.

"ఒదినా, అందరూ కొత్తదే కావాలంటున్నారు. ఈ తీగలతో పెద్ద వంతెన ఇవాళే మార్పించు" అంది నక్క.

"తీగ కోసి ఎన్నాళ్లయింది?"

"పొద్దున్నే కోశాం. ఎలా నిగనిగలాడుతోందో చూడు!"

"పచ్చితీగ ఎండితే సన్నబడుతుంది. సన్నబడితే ముడి జారుతుంది. మూడు నెలలు నీడన ఆరనివ్వు. తర్వాత పిల్లవాగుకు వేసి చూద్దాం."

"అంతకాలం ఎవరాగుతారు? కాదంటే నిన్నే దించేస్తాం!"

ఉడుమత్త తోక నేలకేసి కొట్టింది. "నన్నెవరు ఎక్కించారని దించడానికి? నాకేమన్నా జీతమా, బత్తెమా? ముడులన్నీ మీకు నేర్పాను. తీగలు అడవివి. వాగు ఇంత పొడుగుంది. పోయి మీ వంతెన మీరు కట్టుకోండి, అడ్డం వస్తే అడగండి. ఈ వంతెన మీద పచ్చితీగ పడాలంటే మాత్రం ముందు నన్ను దాటాలి!"

ఎవరూ దాటలేదు. పది బారల ఎగువన కొత్త వంతెన మొదలైంది. గిజిగాడు కూడా కోపంతో అటే పోయాడు. ఒక్క ముడి వేశాడో లేదో, ముక్కుకు పచ్చితీగ పాలు అంటుకున్నాయి. తీగను అటూ ఇటూ తిప్పి చూసి, వెనక్కి వచ్చేశాడు.

"ఆ కొస వదులైంది, బిగించు" అంది ఉడుమత్త, అంతే.

అయిదు రోజుల్లో నక్క వంతెన లేచింది. దానికి పూలు కట్టారు, ఆకులు వేలాడదీశారు. పైన పటారం, లోన లొటారం. ఆ తర్వాత పదిరోజులు ఎండ మండిపోయింది. పదకొండో రోజు ఎగువన వాన పడి ఎర్రవాగు ఒక్కసారిగా పొంగింది.

ఇవతలి పల్లం మునుగుతోంది. ప్రాణాలు దక్కాలంటే అవతలి గట్టుకు చేరాలి. అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చింది కొండమేక, ముగ్గురు పిల్లలతో.

"మేకమ్మా, రా! నా వంతెన మీద తొలి అడుగు నీ పిల్లలదే!" అంది నక్క.

మేక పిల్లను ముందుకు తోయబోయింది.

"ఆగు!" అని అరిచింది ఉడుమత్త. "కట్టుబాటు ఏమిటి?"

మేక ఆగింది. నక్క వైపు తిరిగింది. "అవును. కట్టినవాడే ముందు నడవాలి. నీ వంతెనన్నావుగా, నడువు మామా."

"అది పాత వంతెన కట్టుబాటు! మాది కొత్తది!"

"వంతెన కొత్తదైతే కావచ్చు, వీళ్లు నా కడుపున పుట్టినవాళ్లు. నువ్వు నడిచాకే."

"నడు, నడు!" అని కోతులు గోల చేశాయి. నిన్నటిదాకా జై కొట్టిన కోతులే. నక్కకు వెనక్కి తగ్గే దారి లేదు. తోక పైకెత్తి, నవ్వు తెచ్చిపెట్టుకుని ఎక్కింది. నాలుగో అడుగుకు ఒక ముడి జారింది. అయిదో అడుగుకు వంతెనే జారింది. పూలతో సహా నక్క వాగులో పడింది.

ప్రవాహం దాన్ని పాత వంతెన కిందికి ఈడ్చుకొచ్చింది. అప్పటికే ఉడుమత్త వంతెన నడిమికి పాకి, జంటముడిని కరచుకుని తోక కిందికి వదిలింది. నక్క దాన్ని పట్టుకుంది. వంతెన ఊగింది, కిర్రుమంది. ముడి మాత్రం కదల్లేదు. గట్టున గిజిగాడు రెక్కలు టపటపా కొట్టాడు.

నక్కను పైకి లాగాక మేక, పిల్లలు, వాళ్ల వెనకే అడవంతా పాత వంతెన మీద అవతలికి చేరింది.

తడిసి ముద్దయిన నక్కకు రోషం ఇంకా తడవలేదు. "ఒదినా, నన్ను కాపాడింది కూడా కొత్త ముడేగా?"

"కొత్తదే. ఒక వానాకాలం చూసిన కొత్తది. వాగు తగ్గాక పిల్లవాగు దగ్గరికి రా, ఇంకో ఏడు ముడులున్నాయి. కొత్తవి కావాలన్నావుగా, వాటి మీద ముందు నడిచేది నువ్వే."

కొత్త ముడిని పిల్లవాగు మీద చూసుకోనివాడు పెద్దవాగులో మునిగి చూసుకుంటాడు.