గోడకు పెట్టిన పారాణి

ఏ రాజుగారి కాలమో చెప్పలేను గానీ, బట్టలుతికి బతికే నాంచారమ్మ ఇల్లు దివాన్ గారి కొత్త స్నానాలగదిని ఆనుకుని ఉండేది. ఆ గది కట్టినప్పటి నుంచీ ఆమె గోడ చెమ్మెక్కుతోంది. వానలు మొదలైతే కూలిపోవడం ఖాయం.

వెళ్ళి చెప్పుకుంటే దివాన్ గారు మేస్త్రిని పిలిపించారు. అతను గచ్చును కర్రతో నాలుగుసార్లు తట్టి, "చుక్క కూడా కారడం లేదండీ" అన్నాడు.

"విన్నావుగా! నీ తడిబట్టల చెమ్మే అది. పోయి సున్నం కొట్టుకో" అన్నారు దివాన్ గారు.

"చిత్తం బాబూ" అని నాంచారమ్మ గోడకు తెల్లగా సున్నం కొట్టింది. ఆయన పుట్టినరోజున అమ్మవారికి దండం పెట్టుకుని, బిందెడు చిక్కటి పసుపునీళ్ళు పట్టుకెళ్ళింది.

"మంగళస్నానం చెయ్యండి బాబూ. చల్లగా ఉండాలి తమరు."

ఆయన పొంగిపోయి కొత్త స్నానాలగదిలో బిందె మొత్తం గుమ్మరించుకున్నారు.

మర్నాడు ఆయన్ను బతిమాలి తన ఇంటికి తీసుకొచ్చింది. తెల్లటి సున్నం మీద, పారాణి పెట్టినట్టు ఎర్రటి చార!

"సున్నానికి పసుపునీళ్ళు తగిలితేనే ఈ ఎరుపు బాబూ. ఉతికే బట్టల్లో నేను పసుపెందుకు కలుపుతాను?"

దివాన్ గారు అప్పటికప్పుడే పలుగులు తెప్పించారు. గోడ తవ్విస్తే లోపల మట్టిగొట్టం పగిలి ఉంది. ఆయన రోజూ కూర్చునే స్నానప్పీట కింద నేల, చెయ్యి దిగబడేంత మెత్తబడిపోయింది. ఇంకొన్నాళ్ళుంటే గోడ ఆయన మీదే కూలేది.

"నీ గోడ కోసం వచ్చి నా ప్రాణం కాపాడావు నాంచారమ్మా" అంటూ చేతులు జోడించారు. రెండిళ్ళ గోడలూ తన ఖర్చుతోనే కట్టించారు.

"అంతా అమ్మవారి దయ బాబూ" అంది నాంచారమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "వచ్చే పుట్టినరోజుకీ పసుపునీళ్ళు తెస్తాను. మేస్త్రిగారి పని కూడా చూడాలి కదా!"